షేరు ఒక్కసారిగా కూలిపోయే ప్రమాదానికి ధర ఎలా కడతారు?

2009 జనవరి 7. మార్కెట్ నడుస్తుండగానే సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు రాసిన ఉత్తరం బయటికొచ్చింది. కంపెనీ పుస్తకాల్లో చూపించిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవని అందులో ఆయనే ఒప్పుకున్నారు. ముందురోజు 179 రూపాయల దగ్గర ముగిసిన షేరు ఆ సాయంత్రానికి 40 రూపాయలకు చేరింది. ఒక్కరోజులో దాదాపు 78 శాతం పోయింది. సత్యం అప్పట్లో ఎఫ్ అండ్ ఓలో, అంటే ఫ్యూచర్స్, ఆప్షన్స్ ట్రేడింగ్ జరిగే జాబితాలో ఉన్న షేరు. అలాంటి షేర్లకు మామూలు షేర్లకుండే రోజువారీ సర్క్యూట్ పరిమితి ఉండదు. కాబట్టి పది శాతం దగ్గరో ఇరవై శాతం దగ్గరో పతనం ఆగే అవకాశం కూడా లేకపోయింది.

ఆ రోజు గురించి హైదరాబాద్‌లో ఇప్పటికీ మాట్లాడుకునేది ఉద్యోగాల గురించి, ఆడిటర్ల గురించి, పోయిన పొదుపు గురించి. సహజమే. ఇక్కడ నేను తీసుకుంటున్న ప్రశ్న వేరు. ముందురోజు సత్యం మీద పుట్ ఆప్షన్ అమ్మినవాడు ఎంత ప్రీమియం తీసుకుని ఉండాల్సింది? పుట్ అమ్మడమంటే, షేరు ఫలానా ధర (దాన్నే స్ట్రైక్ అంటారు) కంటే కిందికి పోతే ఆ తేడా నేను భరిస్తానని మాట ఇవ్వడం. ఆ మాటకు ఎంత తీసుకోవాలన్న ప్రశ్నకు 1973లో ఒక అద్భుతమైన జవాబు దొరికింది. సరిగ్గా ఇలాంటి రోజు దగ్గరే ఆ జవాబు చెల్లకుండా పోతుంది.

ఎక్కడా తెగని గీత

ఆప్షన్‌కు ధర కట్టాలంటే ముందు షేరు ధర ఎలా కదులుతుందో ఒక ఊహ కావాలి. 1900లో పారిస్‌లో లూయీ బాషెలియే తన పరిశోధన వ్యాసంలో, ధరలు ప్రతి క్షణం పైకో కిందికో యాదృచ్ఛికంగా కొంచెం కొంచెం జరుగుతూ పోతాయని ప్రతిపాదించాడు. ఐదేళ్ల తర్వాత ఐన్‌స్టీన్ ద్రవంలో తేలే రేణువుల కదలికకు కట్టిన గణితం కూడా ఇలాంటిదే. దాన్నే బ్రౌనియన్ చలనం అంటారు. 1960లలో పాల్ సామ్యుయెల్సన్ దీనికి ఒక సవరణ చేశాడు. యాదృచ్ఛికంగా మారేది రూపాయల్లో కాదు, శాతాల్లో అన్నాడు. దాంతో ధర సున్నా కిందికి పోయే ఇబ్బంది తీరింది.

ఈ చలనాన్ని గీతగా గీస్తే అది ఎంత వంకరటింకరగా ఉన్నా ఎక్కడా తెగదు. 179 నుంచి 40కి రావాలంటే 178, 150, 100, 60 అన్నీ తాకుతూనే రావాలి. పైగా తక్కువ వ్యవధిలో పెద్ద కదలిక రావడం దాదాపు జరగని పని. సత్యం షేరుకు ఏడాదికి 80 శాతం ఒడుదొడుకులు (ధర మామూలుగా ఎంత అటూ ఇటూ ఊగుతుందో చెప్పే కొలత) ఉన్నాయని చాలా ఉదారంగా అనుకుందాం. అంటే రోజుకు సుమారు 5 శాతం (ఒడుదొడుకులు కాలంతో కాదు, దాని వర్గమూలంతో పెరుగుతాయి). మోడల్ వాడే లాగరిథమ్ లెక్కలో 78 శాతం పతనం ఆ 5 శాతానికి దాదాపు 30 రెట్లు వస్తుంది. నార్మల్ డిస్ట్రిబ్యూషన్‌లో 6 రెట్ల పతనమే వంద కోట్ల రోజుల్లో ఒకసారి రావాలి. 30 రెట్లకు సంభావ్యత రాయాలంటే దశాంశ బిందువు తర్వాత రెండు వందల దాకా సున్నాలు పెట్టుకుంటూ పోవాలి. ఇలాంటి సంఖ్య వచ్చినప్పుడు మన అదృష్టం బాగోలేదని అనుకోకూడదు. మోడల్ ఈ ప్రపంచాన్ని వర్ణించడం లేదని అర్థం చేసుకోవాలి.

అయినా 1973లో ఫిషర్ బ్లాక్, మైరన్ షోల్స్ ప్రచురించిన సూత్రం ఈ బ్రౌనియన్ ఊహ మీదే నిలబడింది. రాబర్ట్ మెర్టన్ అదే ఏడాది దాన్ని మరింత బలపరిచాడు. షికాగోలో ఆప్షన్ల ఎక్స్ఛేంజ్ కూడా ఆ ఏప్రిల్‌లోనే తెరుచుకుంది. ఆ సూత్రం గురించి చెప్పేవాళ్లు ఎక్కువగా సూత్రం దగ్గరే ఆగిపోతారు. నన్నడిగితే దాని వెనకున్న వాదన ఇంకా గొప్పది, ఈ వ్యాసంలో మిగతాదంతా అర్థం కావాలంటే ఆ వాదన పట్టుబడాలి.

వాదన ఇది. పుట్ అమ్మినవాడు ఊరికే కూర్చోడు. షేరు పడితే తనకు నష్టం కాబట్టి కొన్ని షేర్లు షార్ట్ చేస్తాడు, అంటే తనవి కాని షేర్లు ముందే అమ్మి తర్వాత కొనిస్తాడు. ధర కదిలిన ప్రతిసారీ ఆ సంఖ్య సవరించుకుంటాడు. ట్రేడర్లు డెల్టా హెడ్జింగ్ అనేది దీన్నే. చాలా చిన్న వ్యవధిలో ధర కొంచెమే జరుగుతుంది. ఆ కొంచెం మేరలో ఆప్షన్ విలువ గీసే వంపు దాదాపు సరళరేఖలాగే ఉంటుంది, సరళరేఖను షేర్లతో సరిగ్గా రద్దు చేయొచ్చు. వంపు వల్ల మిగిలే చిన్న ఖర్చు మాత్రం తప్పదు. కానీ బ్రౌనియన్ చలనంలో ఆ ఖర్చు ఒడుదొడుకుల మీద, గడిచిన కాలం మీద మాత్రమే ఆధారపడుతుంది కాబట్టి ముందే తెలుస్తుంది. ఈ సంగతిని గణితంగా నిలబెట్టింది జపాన్ గణితవేత్త కియోషి ఇటో. 1940లలోనే ఆయన యాదృచ్ఛిక చలనాలకు కొత్త కలనగణితం కట్టాడు.

ఎక్స్‌పైరీ దాకా, అంటే ఆప్షన్ గడువు ముగిసేదాకా, ఈ హెడ్జ్ నడపడానికి అయ్యే మొత్తం ఖర్చే ఆప్షన్ ధర. షేరు పెరుగుతుందో పడుతుందో ఎవరూ జోస్యం చెప్పక్కర్లేదు. అమ్మినవాడు పిరికివాడైనా ధైర్యస్తుడైనా లెక్క మారదు. ఒడుదొడుకుల అంచనా ఒకటే అయితే అందరికీ ఒకటే ధర వస్తుంది. అభిప్రాయాలతో పనిలేని ధర! ఆర్థికశాస్త్రంలో ఇంత శుభ్రమైన ఫలితాలు అరుదు.

గీత తెగితే

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. షేరు 100 రూపాయలు. ఏడాది ఒడుదొడుకులు 30 శాతం. నెల గడువున్న 80 స్ట్రైక్ పుట్ అమ్ముదాం. వడ్డీ సున్నా అనుకుందాం, లెక్క తేలికవుతుంది. బ్లాక్–షోల్స్ ప్రకారం ఈ పుట్ ధర 1.2 పైసలు. వంద పుట్‌లు అమ్మితే చేతికొచ్చేది 1 రూపాయి 20 పైసలు. హెడ్జ్‌గా షార్ట్ చేయాల్సింది వందకు 0.44 షేరు, అంటే సగం షేరు కూడా కాదు.

ఒక ఉదయం షేరు 100 దగ్గర ముగిసి, ఏదో వార్తతో 60 దగ్గర తెరుచుకుందనుకోండి. పుట్‌లో ఒక్కోదానికి 20 చొప్పున నష్టం 2,000 రూపాయలు. హెడ్జ్ మీద వచ్చే లాభం 17 రూపాయల 60 పైసలు. మధ్యలో 95 దగ్గర, 88 దగ్గర, 80 దగ్గర షార్ట్ పెంచుకుంటూ రావాలన్నది పథకం. కానీ ఆ ధరలు అసలు రాలేదు. సవరించుకోవడానికి క్షణం కూడా దొరకలేదు. ఒడుదొడుకుల అంచనా తప్పయితే హెడ్జ్‌లో కొంత తేడా వస్తుంది, దాన్ని తట్టుకోవచ్చు. గీత తెగినప్పుడు మాత్రం హెడ్జ్ అనే పథకమే ఉండదు. ఆ పథకం ఖర్చునే ధర అన్నాం కాబట్టి ఆ ధరకూ ఆధారం ఉండదు.

గీత ఇలా తెగే చోట్లకు కావాల్సిన గణితం ఆర్థిక మార్కెట్ల నుంచి రాలేదు, బీమా నుంచి వచ్చింది. బాషెలియే వ్యాసం వచ్చిన మూడేళ్లకు, 1903లో స్వీడన్‌లో ఫిలిప్ లుండ్‌బెర్గ్ బీమా క్లెయిముల మీద తన పరిశోధన రాశాడు. క్లెయిములు ఎప్పుడొస్తాయో తెలియదు, వస్తే ఎంత పెద్దవో తెలియదు. కానీ ఏడాదికి సగటున ఎన్ని వస్తాయో, వాటి పరిమాణాలు ఏ తీరున ఉంటాయో అంచనా వేయొచ్చు. ఎప్పుడన్నది పాయిజాన్ ప్రక్రియ చెబుతుంది, ఎంతన్నది ఇంకో యాదృచ్ఛిక సంఖ్య చెబుతుంది. ఈ రెండూ కలిస్తే కాంపౌండ్ పాయిజాన్ ప్రక్రియ. దాదాపు ఒకే కాలంలో పుట్టిన ఈ రెండు ఆలోచనలను, బాషెలియే నడకనూ లుండ్‌బెర్గ్ దెబ్బలనూ, 1976లో మెర్టన్ ఆప్షన్ల లెక్కలో ఒక్కచోటికి తెచ్చాడు. దాన్నే జంప్ డిఫ్యూజన్ మోడల్ అంటారు. మామూలు రోజుల్లో ధర బ్రౌనియన్ చలనంలా నడుస్తుంది. అప్పుడప్పుడూ, ముందస్తు సూచన లేకుండా, ఒక్క గెంతు వేస్తుంది.

మెర్టన్ సూత్రం చూడ్డానికి భయపెడుతుంది కానీ చెప్పేది సులువు. ఎక్స్‌పైరీలోపు ఒక్క జంపూ రాకపోవచ్చు, ఒకటి రావచ్చు, రెండు రావచ్చు. ఒక్కో పరిస్థితిలో ఆప్షన్ విలువ బ్లాక్–షోల్స్‌తోనే లెక్కగట్టు. ఆ పరిస్థితి వచ్చే సంభావ్యతతో గుణించు. అన్నీ కూడు. అంతే.

మన షేరుకే పెట్టి చూద్దాం. సగటున నాలుగేళ్లకు ఒకసారి 40 శాతం కూలే ప్రమాదం ఉందనుకుందాం. నెలలో అలా జరిగే అవకాశం 2 శాతం పైచిలుకు. ఇక్కడ ఒక మెలిక ఉంది. పడే ప్రమాదం ఉన్న షేరును ఎవరైనా 100 పెట్టి కొంటున్నారంటే, పడని నెలల్లో అది కాస్త ఎక్కువ ఇవ్వాలి. ఈ లెక్కలో నెలకు సుమారు 0.83 శాతం. మెర్టన్ సూత్రం ఆ సర్దుబాటును కూడా తనలో కలుపుకుంటుంది. అన్నీ కూడితే 80 పుట్ ధర 42 పైసలు తేలింది. ఇందులో 40 పైసలు ఒకే ఒక్క జంప్ వచ్చే పరిస్థితి నుంచి వచ్చినవే. జంప్ లేని పరిస్థితి వాటా ఒక్క పైస కంటే తక్కువ.

1.2 పైసలెక్కడ, 42 పైసలెక్కడ! జంపులు కలిపాక మొత్తం ఒడుదొడుకులు కూడా పెరిగాయి కదా, ఈ పోలిక న్యాయం కాదని మీరనొచ్చు. నిజమే. జంపుల వంతు కూడా కలిపితే ఏడాది ఒడుదొడుకులు 39.4 శాతం అవుతాయి. ఆ సంఖ్యనే బ్లాక్–షోల్స్‌కు ఇస్తే 80 పుట్‌కు 9.5 పైసలు చెబుతుంది. మొత్తం అలజడి అంతే ఉన్నా, అది రోజూ కొంచెం కొంచెంగా వచ్చే షేరుకూ, ఒకేసారి మీద పడే షేరుకూ దూరపు పుట్ (ఇప్పటి ధరకు బాగా కింది స్ట్రైక్ ఉన్నది) ధరలో నాలుగు రెట్లకు పైగా తేడా ఉంది.

ఇదే మోడల్‌లో 100 స్ట్రైక్ పుట్ ధర 3 రూపాయల 82 పైసలు. ఈ రెండు ధరలను బ్లాక్–షోల్స్‌లో వెనక్కి పెట్టి, ఏ ఒడుదొడుకులకు ఈ ధర వస్తుందని అడిగితే 100 స్ట్రైక్ 33 శాతం అంటుంది, 80 స్ట్రైక్ 52 శాతం పైన అంటుంది. ఆప్షన్ చైన్‌లో (స్ట్రైకులవారీ ధరల పట్టికలో) ఐవీ, అంటే ధర నుంచి ఇలా వెనక్కి తీసిన ఒడుదొడుకుల కాలమ్ చూసే అలవాటున్నవాళ్లు దీన్ని వెంటనే గుర్తుపడతారు. కిందికి పోయేకొద్దీ ఐవీ పెరుగుతూ పోతుంది. ఒకే షేరుకు, ఒకే నెలకు రెండు రకాల ఒడుదొడుకులు ఉండటం అసంభవం. ఉన్నది ఒకే షేరు, కాకపోతే అది గెంతగల షేరు. 1987 అక్టోబర్ 19న అమెరికాలో డౌ జోన్స్ సూచీ ఒక్కరోజులో 22.6 శాతం పడింది. అంతకుముందు దాదాపు సమంగా ఉండే ఈ ఐవీ గీత ఆ తర్వాత కిందివైపు స్ట్రైకుల్లో పైకి లేచింది, మళ్లీ ఎప్పుడూ సమం కాలేదు. సూత్రం ఏం చెప్పినా, దూరపు పుట్‌లను పాత ధరకు అమ్మేవాళ్లు ఇక దొరకలేదు.

హెడ్జ్ చేయలేని ప్రమాదానికి కూలి

జంపులు ఉన్నప్పుడు హెడ్జ్ పూర్తిగా కుదరదు. అలాంటప్పుడు ధర ఒక్కటే ఉండాలన్న నియమం కూడా పోతుంది. రిస్క్ లేని లాభానికి తావివ్వని ధరలు ఎన్నో ఉంటాయి, వాటిలో ఏది సరైనదో గణితం తేల్చలేదు. మరి నా లెక్కలో 42 పైసలు ఎలా వచ్చాయి? మెర్టన్ ఒక ఊహ చేశాడు. జంపులు ఒక్కో కంపెనీకి సొంతమైనవి, వాటికీ మొత్తం మార్కెట్‌కూ సంబంధం లేదు. అప్పుడు వందల కంపెనీల మీద ఆప్షన్లు అమ్మేవాడికి ఈ దెబ్బలు సగటున సర్దుకుంటాయి. కాబట్టి వాటికి విడిగా కూలి చెల్లించక్కర్లేదు, సగటు నష్టం చెల్లిస్తే చాలు.

బీమాలో ఈ తేడా బాగా కనిపిస్తుంది. వేల బైకులకు బీమా ఇచ్చిన కంపెనీ నిశ్చింతగా ఉంటుంది, ఎందుకంటే అవన్నీ ఒకే రోజు గుద్దుకోవు. కోనసీమలో వేల ఎకరాల వరికి బీమా ఇచ్చిన కంపెనీకి ఆ నిశ్చింత లేదు. తుఫాను వస్తే అన్ని పొలాలూ ఒకే రాత్రి మునుగుతాయి. సగటు నష్టం రెండు చోట్లా ఒకటే అయినా రెండో కంపెనీ ఎక్కువ ప్రీమియం అడుగుతుంది, అడగాలి కూడా.

సత్యం జంప్ బైకు ప్రమాదమా, తుఫానా? మెర్టన్ ఊహకు ఇంతకంటే మంచి ఉదాహరణ ఉండదనిపిస్తుంది. ఒక్క కంపెనీ లెక్కల్లో జరిగిన మోసం అది, మిగతా కంపెనీలతో సంబంధం లేదు. కానీ ఆరోజు నిఫ్టీ కూడా 6.18 శాతం పడింది. సెన్సెక్స్ 749 పాయింట్లు పోగొట్టుకుంది. సూచీలో సత్యం వాటా అంత పతనం తేగలిగినంత పెద్దది కాదు. ఒక పెద్ద కంపెనీ బ్యాంకు నిల్వలే అబద్ధమైతే మిగతా బ్యాలెన్స్ షీట్లను ఎలా నమ్మాలన్న భయం అన్ని షేర్లకూ పాకింది. పైగా జంపులు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వస్తాయన్న పాయిజాన్ ఊహ కూడా ఇక్కడ సరిపోదు. మూడు వారాల ముందే, డిసెంబర్ 17న, రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీల కొనుగోలు ప్రకటించి వెనక్కి తీసుకున్నప్పుడు సత్యం షేరు 30 శాతం పడింది. ఒక జంప్ ఇంకో జంప్‌ను పిలిచింది. వరుస జంపులను, అంటే ఒకటి వచ్చాక ఇంకోటి వచ్చే అవకాశం పెరగడాన్ని లెక్కలోకి తీసుకునే మోడళ్లు ఇప్పుడు ఉన్నాయి. వాటిని హాక్స్ ప్రక్రియలంటారు, భూకంపాల తర్వాత వచ్చే ప్రకంపనల అధ్యయనంలోనూ వాడతారు.

సూచీ జంపుల్లో అయితే సందేహమే లేదు, అవి తుఫానులే. అందుకే సూచీ ఆప్షన్లలో కూలి ప్రత్యేకంగా కనిపిస్తుంది. అమెరికా సూచీ ఆప్షన్ల మీద జరిగిన పరిశోధనల్లో ఒకే సంగతి పదేపదే తేలింది. ఆప్షన్ ధరల్లోంచి వెనక్కి తవ్వి తీసిన జంపులు, చరిత్రలో నిజంగా జరిగిన జంపులకంటే తరచుగా, పెద్దగా ఉంటాయి. ఆ తేడాయే అమ్మినవాడి కూలి. దూరపు పుట్‌లు అమ్మి నెలనెలా డబ్బు తీసుకునేవాళ్లు దీన్ని తమ నైపుణ్యానికి వచ్చిన ఆదాయం అనుకుంటారు. అది ఇంకా రాని రోజు కోసం ముందుగా అందిన చెల్లింపు. జంప్ మోడల్ నాకు నచ్చేది ఇందుకే. ప్రీమియంలో ఎంత భాగం రోజువారీ కదలికకు, ఎంత భాగం పతనపు సగటు నష్టానికి, ఎంత భాగం ఆ భయాన్ని మోసినందుకు అని విడదీసి చూపిస్తుంది. ఒకే ఐవీ సంఖ్యలో ఈ మూడూ కలిసిపోయి ఉంటాయి.

వారం గడువులో ఏమవుతుంది

ఐవీ గీత వంగడానికి జంపులే కారణమని ఎలా చెప్పగలం? ఇంకో గట్టి పోటీదారు ఉంది. ఒడుదొడుకులే యాదృచ్ఛికంగా మారుతుంటాయని, మార్కెట్ పడినప్పుడు అవి పెరుగుతాయని చెప్పే మోడళ్లు. 1993లో స్టీవెన్ హెస్టన్ ఇచ్చిన మోడల్ వీటిలో అందరికంటే ప్రసిద్ధం. అందులో ఒడుదొడుకులు తమ సగటు చుట్టూ తిరుగుతాయి, దూరం పోతే వెనక్కి లాగబడతాయి. మూడు నెలలు, ఆరు నెలలు, ఏడాది గడువున్న ఆప్షన్లకు హెస్టన్ బాగా సరిపోతుంది.

గడువు వారానికి దిగితే తేడా బయటపడుతుంది. మన 100 రూపాయల షేరునే మళ్లీ తీసుకుందాం. బ్లాక్–షోల్స్ ప్రకారం నెల తర్వాత అది 80 కింద ఉండే అవకాశం 177లో ఒకటి. 40 శాతం జంప్ ఆ నెలలో వచ్చే అవకాశం 48లో ఒకటి. అంత పెద్ద తేడా కాదు. ఇప్పుడు గడువు ఒక వారం అనుకోండి. బ్లాక్–షోల్స్ అవకాశం దాదాపు 2 కోట్లలో ఒకటికి పడిపోతుంది. జంప్ అవకాశం 208లో ఒకటి. కాలం తగ్గితే జంప్ ప్రమాదం అదే నిష్పత్తిలో తగ్గుతుంది. నడిచే ధరకు మాత్రం దూరం వెళ్లడానికి టైమ్ కావాలి, ఆ టైమ్ లేకపోతే అవకాశం దాదాపు మాయమవుతుంది. ఒడుదొడుకులు మారే మోడల్‌కూ ఇదే ఇబ్బంది. వారంలో అవి మాత్రం ఎంత మారగలవు? కాబట్టి గడువు దగ్గరపడ్డా దూరపు పుట్‌ల ధర చావకుండా, ఐవీ గీత నిటారుగా నిలబడి ఉంటే అది జంప్ భయం వేసిన సంతకం.

మన దేశంలో ఇది చాలా అవసరమైన విషయం. 2016లో బ్యాంక్ నిఫ్టీకి, 2019లో నిఫ్టీకి వారపు ఆప్షన్లు వచ్చాక ట్రేడింగ్ అంతా అతి తక్కువ గడువులవైపు జరిగింది. జంపుల్ని పట్టించుకోని లెక్క ఎక్కువగా దెబ్బతినేది సరిగ్గా అక్కడే.

ఆచరణలో రెండూ కలిపి వాడతారు. 1996లో డేవిడ్ బేట్స్ హెస్టన్ మోడల్‌కు మెర్టన్ జంపులు తగిలించాడు. దగ్గరి గడువులను జంపులు చూసుకుంటాయి, దూరపు గడువులను మారే ఒడుదొడుకులు చూసుకుంటాయి. 2002లో స్టీవెన్ కోవ్ పైకి వేసే జంపులకూ కిందికి వేసే జంపులకూ వేర్వేరు కొలతలు పెట్టాడు. దిలీప్ మదన్, యూజిన్ సెనెటా 1990లో ఇంకో దారి పట్టారు. వాళ్ల వేరియన్స్ గామా మోడల్‌లో బ్రౌనియన్ భాగమే ఉండదు, ధర పూర్తిగా లెక్కలేనన్ని చిన్నాపెద్దా జంపులతోనే కదులుతుంది. గడియారం కాలం కాకుండా మార్కెట్ హడావుడిని బట్టి కొలిచే కాలంలో ధర నడుస్తుందన్నది అందులోని ఊహ. వార్తలొచ్చిన రోజు ఆ కాలం పరుగెత్తుతుంది, పండగ ముందురోజు మెల్లగా సాగుతుంది. ఇలాంటి వాటికి 1999లో పీటర్ కార్, మదన్ ఫూరియర్ పద్ధతితో వందల స్ట్రైకుల ధరలు ఒకేసారి లెక్కించే దారి చూపారు. ఆ తర్వాతే ఈ మోడళ్లు బ్యాంకుల్లో రోజువారీ వాడకానికి దగ్గరయ్యాయి.

మోడల్‌కు సంఖ్యలు ఎక్కడినుంచి వస్తాయి

నాలుగేళ్లకు ఒకసారి, 40 శాతం. ఈ రెండు సంఖ్యలు నేను ఊహించినవి. నిజంగా ధర కట్టేవాడు వీటిని ఎక్కడ తెచ్చుకోవాలి? చరిత్ర అడిగితే, చాలా షేర్లకు ఇలాంటి రోజు ఇప్పటిదాకా రాలేదు. రానందువల్ల రాదని అర్థం కాదు. 2009 జనవరి 6 దాకా సత్యం చరిత్రలో కూడా 78 శాతం పతనం లేదు.

అందుకని మార్కెట్‌లో కనబడే ఆప్షన్ ధరల నుంచి వెనక్కి లెక్కగడతారు. ఇందులో ఉన్న చిక్కు చూడండి. అదే షేరుకు నాలుగేళ్లకోసారి 40 శాతం బదులు, రెండేళ్లకోసారి 30 శాతం పడుతుందని పెట్టి చూశాను. 80 పుట్ ధర 41 పైసలు వచ్చింది. 42కి 41! రెండు వేర్వేరు ప్రపంచాలు, ఒకటే ధర. విడదీయాలంటే ఇంకా దూరపు స్ట్రైక్ చూడాలి. 60 పుట్‌కు మొదటి లెక్కలో 4.3 పైసలు, రెండో లెక్కలో 1.1 పైసలు. కానీ ఎన్ఎస్ఈలో ఆప్షన్ ధర కదిలే కనీస మెట్టే 5 పైసలు. సమాచారం ఉండాల్సిన చోటే కొలబద్ద మొద్దుబారింది. పైగా అంత దూరపు స్ట్రైకుల్లో కొనేవాళ్లు, అమ్మేవాళ్లు పలచగా ఉంటారు. ఉదయం ఒక జత సంఖ్యలు, మధ్యాహ్నం ఇంకో జత సంఖ్యలు వస్తే ఆశ్చర్యపోవాల్సింది లేదు. జంప్ మోడల్ వాడేవాళ్లు ఒకే జత మీద ప్రమాణం చేయకుండా, ధరలకు సరిపోయే జతలన్నీ ముందు పెట్టుకుని, వాటిలో తమకు ఎక్కువ నష్టం తెచ్చేది ఏదో చూడాలి. నా అభిప్రాయంలో అదొక్కటే నిజాయితీగల వాడకం.

ఇంకో రకం జంపులకు పాయిజాన్ అసలు పనికిరాదు. తారీఖు తెలిసిన జంపులవి. ఇన్ఫోసిస్ షేరు 2013 జనవరి 11న ఫలితాలు చూసి దాదాపు 17 శాతం లేచింది, అదే ఏడాది ఏప్రిల్ 12న ఫలితాలు చూసి 21 శాతం పడింది. ఎటు అన్నది ఎవరికీ తెలియదు, ఎప్పుడు అన్నది క్యాలెండర్‌లో ఉంది. 2024 జూన్ 4 కూడా అంతే. లోక్‌సభతోపాటు ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఓట్లు లెక్కించిన రోజు అది. ఎగ్జిట్ పోల్స్ చూసి జూన్ 3న 3.25 శాతం పెరిగిన నిఫ్టీ, 4న 5.93 శాతం పడింది. 5న మళ్లీ 3 శాతానికి పైగా లేచింది. ఇలాంటి రోజుకు ఫలానా తారీఖున ఒక జంప్ ఖాయం, పరిమాణం మాత్రమే యాదృచ్ఛికం అని రాసుకోవాలి. ఆ తారీఖు లోపల ఉన్న గడువులకూ దానికి ముందే ముగిసే గడువులకూ మధ్య ఐవీ తేడా నుంచి ఆ జంప్ ఎంతని మార్కెట్ అనుకుంటోందో బయటికి లాగొచ్చు. ఫలితం వచ్చిన మరుక్షణం ఆ భాగం ధరలోంచి జారిపోతుంది. దిశ సరిగ్గా ఊహించి ఆప్షన్ కొన్నవాళ్లు కూడా ఒక్కోసారి నష్టపోయేది ఇందుకే.

ఎక్స్ఛేంజీలు ఈ లెక్కను మోడల్ పేరు చెప్పకుండా మార్జిన్ (అమ్మినవాడు ముందే కట్టే పూచీ సొమ్ము) రూపంలో అమలుచేస్తాయి. మార్జిన్ లెక్కగట్టే స్పాన్ పద్ధతిలో ఒక్కో పొజిషన్‌ను 16 పరిస్థితుల్లో పరీక్షిస్తారు. వాటిలో రెండు మామూలు పరిధి దాటిన విపరీత కదలికలు. దూరపు పుట్ అమ్మితే వచ్చే ప్రీమియం నాలుగు డబ్బులే అయినా మార్జిన్ భారీగా అడగడానికి కారణాల్లో ఇదొకటి. 2024 అక్టోబర్‌లో సెబీ ఇంకో అడుగు వేసింది. సూచీ ఆప్షన్లు అమ్మినవాళ్లు ఎక్స్‌పైరీ రోజున అదనంగా 2 శాతం మార్జిన్ కట్టాలని ఆదేశించింది, నవంబర్ 20 నుంచి అది అమల్లోకి వచ్చింది. గంటలు మాత్రమే మిగిలిన ఆప్షన్‌కు నడిచే ధర తెచ్చే ప్రమాదం సున్నాకు దగ్గరవుతుంది, గెంతే ధర తెచ్చే ప్రమాదం గంటల లెక్కన ఇంకా మిగిలే ఉంటుంది. ఆ 2 శాతం రెండోదానికి కట్టించుకుంటున్నది.